బాప్తిస్మం పొందిన యూదుడు ఇంకా యూదుడేనా?

జోసెఫ్_తెనాలి:
పోలండు యూదుడు ఓస్వాల్డ్ రూఫైసెన్ 1942లో జర్మన్ పోలీసుల దగ్గర దుబాసీగా ఉంటూనే, మీర్ పట్టణంలో చావుకు సిద్ధం చేసిన యూదులకు కబురందించి దాదాపు 300 మందిని తప్పించాడు. కాన్వెంటులో దాక్కున్నప్పుడు బాప్తిస్మం పొంది, తర్వాత కార్మెలైట్ అనే కేథలిక్ సన్యాస సంఘంలో చేరి బ్రదర్ డేనియల్ అయ్యాడు. యూదులెవరైనా వచ్చి స్థిరపడవచ్చన్న 1950 నాటి చట్టం కింద పౌరసత్వం అడిగితే, ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 1962లో కుదరదంది. ఇదేం న్యాయం? పౌలు కూడా "నేనుకూడ ఇశ్రాయేలీయుడను" అనలేదా?

పాత_వకీలు:
యూదు ధర్మశాస్త్రం ప్రకారం ఆయన యూదుడేనని కోర్టు కూడా కాదనలేదు. కానీ ఆ 1950 చట్టం లౌకిక చట్టం. అందులో యూదుడంటే సామాన్య యూదులు ఎవరిని అలా అనుకుంటారో వారే. ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురిది ఇదే మాట.

జోసెఫ్_తెనాలి:
మతం ఔనంటే లౌకిక కోర్టు కాదందా! బాగుంది.

కృష్ణాతీరం:
మామూలు దరఖాస్తుతో పౌరసత్వం ఇచ్చారు కదా. ఇంకేమిటి గొడవ?

సబిత:
1492లో స్పెయిన్ యూదులకు ఇచ్చిన అవకాశాలు రెండే: బాప్తిస్మం, లేదా దేశం వదలడం. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు "బాప్తిస్మం పొందినా మీవాడినే" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

జోసెఫ్_తెనాలి:
యూదురాలిగా పుట్టి బాప్తిస్మం పొందిన ఎడిత్ స్టైన్ కూడా కార్మెలైట్ సన్యాసినే. ఆష్విట్స్ మృత్యుశిబిరంలో నాజీలు ఆమెను వదిలారా?

సబిత:
ఎవరు యూదులో హంతకులను అడిగి తెలుసుకోవాలా?

పాత_వకీలు:
సబితమ్మా, ఆ ఇజ్రాయెల్ చట్టానికి 1970లో చేసిన సవరణతో ఆ సందేహం తీరింది. యూదు తల్లికి పుట్టినా, యూదు మతం పుచ్చుకున్నా, ఇంకో మతంలో ఉండకూడదు.

కృష్ణాతీరం:
పౌరసత్వం వచ్చింది కదా అంటే ఎవరూ జవాబివ్వరు.

జోసెఫ్_తెనాలి:
తీరింది, తీరింది అనకండి వకీలుగారూ! కుల ధ్రువపత్రం కోసం వెళితే ఆఫీసులో గుమాస్తా నాతో అదే అన్నాడు: "మీ తాత మతం మారాడు, కులం పోయింది, బీసీ-సి రాస్తాను." మా చర్చి ఇప్పటికీ మాలపల్లెలోనే ఉంది. పోయిన కులం మా ఊళ్లో ఎవరికీ పోయినట్టు కనిపించలేదు.

పాత_వకీలు:
అది వేరే దేశం, వేరే చట్టం. 1950 ఉత్తర్వులో హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు.

జోసెఫ్_తెనాలి:
రెండూ 1950వే.

సబిత:
ఇది మొదటే చెప్పవలసింది జోసెఫ్‌గారూ. అయినా రెండూ ఒకటి కావు. మీరు వదిలించుకోలేనిదాన్ని లేదన్నారు. ఆయన వదులుకోనన్నదాన్ని లేదన్నారు.

కృష్ణాతీరం:
చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒకప్పుడు బాప్టిస్టులుగా ఉండి, ఇప్పుడు మేము యూదులమని చెప్పుకుంటున్న కుటుంబాలున్నాయి. వాళ్ల సంగతి?

పాత_వకీలు:
దానికి వేరే చర్చ పెట్టండి.