మాఫ్ సెన్సర్ లేని పెట్రోలు కారు: ఓబీడీ డేటాతో మైలేజీ లెక్క ఎలా?

వరంగల్1200:
అందరికీ నమస్తే. నాది 1.2 లీటర్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, బీఎస్6. ఓబీడీ సాకెట్‌కి (ఇంజిన్ సెన్సర్ల డేటా బయటికిచ్చే పోర్టు) బ్లూటూత్ అడాప్టర్ తగిలించి ఫోన్ యాప్‌లో చూస్తున్నాను. హైవే మీద నిలకడగా అరవైలో వెళ్తుంటే యాప్ 23 చూపిస్తోంది. ఫుల్ ట్యాంక్ లెక్కలో మాత్రం 19 దాటడం లేదు. సెకనుకోసారి రికార్డయిన ఫైలు నా దగ్గరుంది, ఎక్సెల్‌లో నేనే లెక్క కట్టుకుందామని ఆశ. కానీ దొరికిన ఫార్ములాలన్నీ మాఫ్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే సెన్సర్) విలువ అడుగుతున్నాయి, నా ఫైల్లో ఆ గడి ఖాళీ. సెన్సర్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

స్కానర్_పిచ్చోడు:
పోలేదు బ్రదర్, మీ కారుకి అసలు ఉండి ఉండదు. మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి గాలి ప్రవాహాన్ని నేరుగా తూచే మాఫ్ ఉండదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. ఎంత గాలి లోపలికి పోతోందో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దాన్ని బట్టే లెక్కేస్తుంది. మీరూ అదే చెయ్యొచ్చు. ఫైల్లో నాలుగు కాలమ్‌లు ఉంటే చాలు: ఆర్‌పీఎం (కోడ్ 0సి), మ్యాప్ (0బి), ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత (0ఎఫ్), వేగం (0డి).

గాలి (గ్రాములు/సెకను) = (ఆర్‌పీఎం ÷ 120) × ఇంజిన్ లీటర్లు × వీఈ × మ్యాప్ × 3.484 ÷ ఉష్ణోగ్రత

మ్యాప్ కిలోపాస్కల్స్‌లో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉండాలి, అంటే సెల్సియస్‌కి 273 కలపండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారే గాలి పీలుస్తుంది కాబట్టి 60 బదులు 120. 3.484 అంటే గాలి అణుభారం 28.97ని వాయు స్థిరాంకం 8.314తో భాగిస్తే వచ్చేది. వీఈ అంటే సిలిండర్ నిజంగా ఎంత శాతం నిండుతుందన్నది. దాన్ని ప్రస్తుతానికి 0.8 అనుకోండి.

2000 ఆర్‌పీఎం, మ్యాప్ 45, ఉష్ణోగ్రత 47 డిగ్రీలు అనుకుందాం. గాలి 7.84 గ్రాములు వస్తుంది. గ్రాము పెట్రోలు మండటానికి 14.7 గ్రాముల గాలి కావాలి, కాబట్టి దాన్ని 14.7తో భాగిస్తే పెట్రోలు సెకనుకి 0.533 గ్రాములు. లీటరు 740 గ్రాములు అనుకుంటే గంటకి 2.6 లీటర్లు. వేగం 60 అయితే 60 ÷ 2.6, అంటే మీ యాప్ చూపిస్తున్న 23.

అయితే ఆ 14.7 స్వచ్ఛమైన పెట్రోలుకి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌కి గాలి నిష్పత్తి 9 మాత్రమే. రెండూ కలిస్తే దాదాపు 13.5, లీటరు బరువు సుమారు 750 గ్రాములు. ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ ఈసీయూ ఇంధనం పెంచేస్తుంది, యాప్‌కి ఆ సంగతి తెలియదు. అదే వరుసని 13.5తో లెక్కేస్తే 21.5 వస్తుంది. యాప్ సెట్టింగుల్లో ఇంధనం రకం ఉంటే ముందు అది మార్చండి.

ఫుల్_ట్యాంక్:
ఇంత తలనొప్పి ఎందుకండీ? అదే బంకు, అదే పంపు, మొదటి క్లిక్‌కి ఆపించడం, కిలోమీటర్లని లీటర్లతో భాగించడం. అయిపోయింది.

స్కానర్_పిచ్చోడు:
మొత్తం ఎంతో చెప్పడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ ఏ గేర్‌లో, ఏ రోడ్డులో ఎంత తాగిందో ట్యాంకు చెప్పదుగా. రెండూ కలిపి వాడుకోవాలి. ఒక ట్యాంకు మొత్తం రికార్డు చెయ్యండి. ఫైలు లెక్క 31 లీటర్లు, బంకు బిల్లు 33.5 అనుకోండి. 0.8ని 33.5తో గుణించి 31తో భాగిస్తే 0.865. ఇక మీ కారుకి వీఈ అదే. ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతుంది కానీ సగటుకి ఇది సరిపోతుంది.

వరంగల్1200:
చాలా థ్యాంక్స్ అన్నా. ప్రతి వరుసకీ మైలేజీ తీసి, ఆ కాలమ్‌కి యావరేజ్ కొడితే సరిపోతుందా? ఫ్యూయల్ ట్రిమ్ (ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ ఇంధనానికి చేసే సవరణ శాతం) కూడా కలపాలా?

స్కానర్_పిచ్చోడు:
యావరేజ్ అస్సలు కొట్టకండి. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వరుస సున్నా, పల్లంలో దిగేటప్పుడు 80, 90 వస్తుంది. ఆ అంకెల సగటుకి అర్థమే లేదు. ప్రతి వరుసలో ఎన్ని కిలోమీటర్లు (వేగం ÷ 3600), ఎన్ని లీటర్లు అన్నది తీసి, దేనికదే కూడి, చివర్లో ఒక్కసారి భాగించండి. అడాప్టర్ నెమ్మదిగా పనిచేస్తే వరుసల మధ్య సరిగ్గా సెకను ఉండదు, టైమ్ కాలమ్ తేడాతో గుణించండి. ట్రిమ్ మాఫ్ ఉన్న కార్లలో పనికొస్తుంది. ఇక్కడ వీఈ మీరు ఊహించినది, ఈసీయూ టేబుల్లోది కాదు. కాబట్టి ట్రిమ్ కలిపితే ఒకరి తప్పుకి ఇంకొకరి సవరణ అంటించినట్టే.

ఘాట్_రోడ్డు:
ఇంకొకటి. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. గాలి మాత్రం పోతూనే ఉంటుంది, కాబట్టి పై ఫార్ములా లేని పెట్రోలుని లెక్కేస్తుంది. పాడేరు, శ్రీశైలం దారుల్లో ఈ తేడా బాగా కనపడుతుంది. కోడ్ 03, అంటే ఫ్యూయల్ సిస్టమ్ స్టేటస్, 4 అయిన వరుసలు చూడండి. ఫుల్‌గా తొక్కినప్పుడూ 4 రావచ్చు. అందుకని థ్రాటిల్ మూసి ఉండి, ఆర్‌పీఎం ఐడిల్ కన్నా బాగా ఎక్కువున్న వరుసలకే లీటర్లు సున్నా వెయ్యండి.

డీజిల్_మామ:
మా డీజిల్ బండిలో మాఫ్ ఉంది. 14.7 బదులు 14.5 వేస్తే సరా?

స్కానర్_పిచ్చోడు:
సరిపోదు మామా. డీజిల్ ఇంజిన్ అవసరానికి మించి గాలి తీసుకుంటుంది, ఐడిల్‌లో అయితే మరీ ఎక్కువ. గాలిని బట్టి ఇంధనం తీస్తే ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు వస్తుంది. కోడ్ 5ఇ మీ బండిలో పలుకుతుందేమో చూడండి, అది నేరుగా గంటకి ఎన్ని లీటర్లో ఇస్తుంది. పలక్కపోతే మీకు ఫుల్_ట్యాంక్ గారి పద్ధతే.