ఇంజన్ ఓడుతోందా, ఆయిల్ కారుతోందా?

అడిగినవారు: అందరికీ నమస్కారం. మూడు రోజులుగా నా బండి ఇంజన్ కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. పెద్ద రిపేరు కాదనిపించి ఇంట్లోనే చేసుకుంటున్నాను. చేసిన పనంతా తెలుగులో రాసిపెట్టుకుందామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘ఆయిల్ లీక్’ని తెలుగులో ఏమంటే బాగుంటుందండీ? ‘చమురు స్రావం’ అనవచ్చా?

జవాబు: స్రావం వద్దండీ. రక్తస్రావం, గర్భస్రావం విని విని ఆ మాటకు ఆసుపత్రి వాసన పట్టేసింది. ‘లీక్’ అని రాసినా తప్పేమీ లేదు, అందరి నోళ్ళలోనూ ఉన్న మాటే. కాకపోతే ఎంత వస్తోంది, ఎలా వస్తోంది అన్నది ఆ మాట చెప్పదు. మన క్రియలు చెబుతాయి.

నాకు బండి పని నేర్పిన మేస్త్రీ దగ్గర ఒకే రోజు మూడు బండ్లు చూశాను. మొదటి బండికి క్లచ్ కవర్ అంచు వెంట దుమ్ము పట్టి నల్లగా జిడ్డు కట్టింది. మేస్త్రీ వేలితో రాసి చూసి, “ఇది కారడం కాదురా, చెమరుస్తోంది. తుడిచి పంపెయ్, వారం ఆగి చూద్దాం” అన్నాడు. దాన్ని విప్పనే లేదు. రెండో బండికి పాత ఆయిల్ దించే డ్రెయిన్ నట్టు కొసన చుక్క వేలాడుతోంది. రాలింది, మళ్ళీ కట్టింది. “ఇది కారుతోంది. వాషర్ మార్చు” అన్నాడు. మూడోది రాయి మీద పడిన బండి. కవర్‌కు వెంట్రుకవాసి నెర్రె. “ఇది ఓడుతోంది. వాషర్లతో పోదు, కవరే మార్చాలి” అన్నాడు. ఆయన భాష గురించి ఆలోచించి అన్న మాటలు కావవి. అయినా ఏ బండికి ఏం చెయ్యాలో క్రియలోనే తెలిసిపోయింది నాకు.

ఈ మూడింటిలో నాకు బాగా ఇష్టమైనది ‘ఓడు’. కుండ ఓడుతుంది, పడవ ఓడుతుంది. నీళ్ళు ఓడవు. అంటే ఈ క్రియకు కర్త పాత్రే, అందులోని ద్రవం కాదు. ‘ఓటికుండకు మోత ఎక్కువ’ అనే సామెతలోని ‘ఓటి’ దీనికి చుట్టమే. ‘కారు’ అలా కాదు, రెండు వైపులా నడుస్తుంది: నీళ్ళు కారతాయి, కుళాయీ కారుతుంది, ముక్కూ కారుతుంది. ‘చెమర్చు’ మళ్ళీ ‘ఓడు’ పక్షమే. కళ్ళు చెమరుస్తాయి గానీ కన్నీళ్ళు చెమర్చవు. ఇల్లు ఉరుస్తోంది అనేవాళ్ళున్నారు, కురుస్తోంది అనేవాళ్ళున్నారు. అవి వానకు సంబంధించినవి, ఇంజన్‌కు తేలేం. ‘ఒలకడం’ కూడా కుదరదు, అది ఆయిల్ పోసేటప్పుడు మన చెయ్యి వణికితే జరిగేది.

‘చమురు’ మంచి మాటే కానీ ఇప్పుడు దీపాల దగ్గరా ముడిచమురు వార్తల్లోనూ మిగిలింది. ‘ఇంజన్ నూనె’ అని ఎవరూ అనరు. నూనె అంటే అసలు నువ్వుల నెయ్యి మరి. వంటకు నూనె, ఇంజన్‌కు ఆయిల్ అని జనం ఎప్పుడో పంచేసుకున్నారు. ఆ పంపకాన్ని అలాగే ఉంచండి.

ఇక మీ బండి సంగతి. చుక్క పడే చోటు చూసి కర్త ఎవరో నిర్ణయించకండి. పైన ఎక్కడో ఒక అంచు చెమరిస్తే, ఆ ఆయిల్ ఇంజన్ రెక్కల వెంట జారి, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకి, అన్నిటికన్నా కిందనున్న డ్రెయిన్ నట్టు దగ్గరకు చేరుతుంది. నింద నట్టు మీద పడుతుంది. ఇంజన్ చల్లారాక కిరోసిన్‌తోనో డిగ్రీజర్‌తోనో మొత్తం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అనుమానమున్న అంచుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. బయటి గాలిలో ఇంజన్ ఓ పది నిమిషాలు తిప్పి చూడండి. తెల్లటి పొడి మీద ముందుగా ఎక్కడ నల్లటి గీత తేలుతుందో కర్త అక్కడుంది.

ఆయిల్ మట్టం కూడా చూడండి. నిండు కుండ తొణకదంటారు గానీ, గీత దాటి పోసిన ఇంజన్, లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ కక్కుతుంది. అది కారడమూ కాదు, ఓడడమూ కాదు. బ్రీదర్ మూసుకుపోయినా అంతే, లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్ళ దగ్గర దారి వెతుక్కుంటుంది.

ఇంకొకరు: ‘ఓడు’కు కర్త పాత్రే అన్నారు, ద్రవం కాదన్నారు. మరి ‘నెత్తురోడుతోంది’ అంటాం కదండీ? నెత్తురు ద్రవమే కదా?

జవాబు: మంచి ప్రశ్న. ఆ వాక్యాన్ని పూర్తిగా చెప్పి చూడండి: గాయం నెత్తురోడుతోంది. ఓడేది గాయమే, నెత్తురు అది ఓడే వస్తువు. ‘రహదారి నెత్తురోడింది’ అని పత్రికలు రాసినప్పుడూ కర్త రహదారే. ఇంకోటి చూడండి, ‘చెమటోడ్చి సంపాదించాడు’. చెమట, ఓడ్చు. ఓడేలా చేయడం ఓడ్చడం. లీకుకు తెలుగు లేదని బాధపడే మనం రోజూ దాన్ని చెమటలో పలుకుతూనే ఉన్నాం.

‘ఇంజన్ ఓడింది’ అని మాత్రం భూతకాలంలో రాయకండి, పందెంలో ఓడినట్టుంటుంది. ‘ఓడుతోంది’ అన్నా, ‘ఓటుపోయింది’ (చిల్లిపడి కారేలా అయింది) అన్నా అంత తికమక ఉండదు.

అడిగినవారు: పౌడర్ చల్లి చూశానండీ. మీరన్నదే నిజమైంది, నట్టు తప్పు కాదు. పైన టాపెట్ కవర్ అంచున గీత తేలింది. అక్కడ కవర్‌కూ ఇంజన్‌కూ మధ్య వేసేదాన్ని ఏమని రాయాలి? ఒకచోట ‘రబ్బరు పట్టీ’ అని చూశాను.

జవాబు: ‘ప్యాకింగ్’ అని రాయండి, మెకానిక్కులందరూ అనే మాట. గ్యాస్కెట్ అన్నా తెలుస్తుంది. రబ్బరు పట్టీ అంటే అర్థమే తప్పుతుంది. టాపెట్ కవర్‌కు చాలా బండ్లలో రబ్బరే ఉంటుంది నిజమే, కానీ క్లచ్ కవర్‌కు ఎక్కువగా కాగితపు ప్యాకింగ్, సిలిండర్ హెడ్‌కు లోహపుది. అన్నిటికీ రబ్బరు పట్టీ అని రాస్తే చదివినవాడు ఏం కొనుక్కొస్తాడు?

పాత ప్యాకింగ్ గట్టిపడి ఉంటే మార్చాల్సిందే. గీకేటప్పుడు ఇనుప మొన వాడకండి, అల్యూమినియం మీద పడ్డ గీతే రేపు ఆయిల్‌కు కాలువ అవుతుంది. చెక్కపుల్లో ప్లాస్టిక్ ముక్కో చాలు. సిలికాన్ గమ్ము దట్టంగా పూయకండి. లోపలికి పొంగిన గమ్ము ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది. బోల్టులు ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్లే బిగువు. ఖచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పితే మర పోయి బోల్టు ఊరికే తిరుగుతుంది, అప్పుడు చేతి చమురు వదులుతుంది. చమురు అన్న మాటకు ఇంజన్ దగ్గర నేను ఇచ్చే చోటు అదొక్కటే.

వెనక టైరు మీద ఆయిల్ పడిందేమో చూసి, సబ్బునీళ్ళతో కడిగాకే బండి తీయండి.

అడిగినవారు: ప్యాకింగ్ మార్చాను. మళ్ళీ పౌడర్ చల్లి పావుగంట తిప్పాను, తెల్లగానే ఉంది. రాత మొదటి వాక్యం ఇలా పెట్టాను, సరిచూడండి: “నా బండి ఇంజన్ ఓడలేదు. టాపెట్ కవర్ అంచు చెమర్చి, ఆ చెమ్మ కిందికి జారి, డ్రెయిన్ నట్టు దగ్గర చుక్క కట్టింది.”

జవాబు: ‘ఇంజన్ ఓడలేదు’ దగ్గర మళ్ళీ పందెం గుర్తొస్తోంది. ‘ఓటుపోలేదు’ అని మార్చండి. మిగతా వాక్యంలో అక్షరం కదపకండి.