'అభిశంసన' అంటే దించేయడమా?

డల్లాస్ అక్క:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర తాతామనవళ్లకి పెద్ద వాదన. మా అబ్బాయికి స్కూల్లో ఇప్పుడు అమెరికా ప్రభుత్వం మీద పాఠాలు నడుస్తున్నాయి. "ఇంతవరకు ఇంపీచ్ అయిన ప్రెసిడెంట్లు ముగ్గురే, ఆండ్రూ జాన్సన్, క్లింటన్, ట్రంప్" అన్నాడు. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారు అన్నం కలుపుతూ, "మరి నిక్సన్ సంగతేంట్రా? 1974లో అభిశంసించి దించేశారు, మేం రేడియోలో విన్నాం" అన్నారు. వీడు కాదంటాడు, ఆయన ఔనంటారు. చారు చల్లారిపోయింది.

కాసేపటికి నాకు అర్థమైంది, ఇద్దరూ ఒకే మాట మీద కొట్టుకోవడం లేదు. వీడి ఇంపీచ్‌మెంట్ అంటే కేసు పెట్టడం. ఆయన అభిశంసన అంటే శిక్ష పడటం. తేడా మాటలోనే ఉందా, మనం వాడే తీరులో ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్రాంత తెలుగు మాస్టారు:
మాటలో ఏ దోషమూ లేదమ్మా. 'శంస్' ధాతువుకి ముందు ఏ ఉపసర్గ చేరిందన్న దాన్నిబట్టి అర్థం. 'ఆ' చేరితే ఆశంస, పెళ్లి శుభలేఖలో ఉంటుంది. 'ప్ర' చేరితే ప్రశంస, సన్మాన సభలో ఉంటుంది. 'అభి' చేరితే నింద మోపడం. అభిశస్తుడు అంటే నింద పడ్డవాడు. ఆ నింద రుజువైందా లేదా అన్నది ఈ మాట చెప్పదు. మనుస్మృతిలో కూడా ఒకరినొకరు దూషించుకుంటే వేసే జరిమానాల దగ్గర ఈ అభిశంసన కనబడుతుంది.

ఇంగ్లీషు మాట పుట్టుక ఇంకా తమాషా. లాటిన్‌లో కాలికి వేసే బంధం నుంచి వచ్చి, పాత ఫ్రెంచిలో అడ్డుకోవడం అయి, ఇంగ్లీషులో నేరం మోపడంగా స్థిరపడింది. కాళ్లకు బంధం వేశారంటే మనిషి ఇంకా అక్కడే ఉన్నాడనేగా!

పాత సబ్‌ఎడిటర్:
అక్కా, ఈ పాపంలో నాకూ వాటా ఉంది. 1998 డిసెంబరు 19 రాత్రి నేను డెస్కులో ఉన్నాను. వాషింగ్టన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మనకు అర్ధరాత్రి. సిటీ ఎడిషన్ ఆపి కూర్చున్నాం. మొదటి అభియోగం మీద ప్రతినిధుల సభ ఓటు 228-206 అని వచ్చింది. శీర్షిక రెండు మాటల్లో పెట్టాలి. 'క్లింటన్‌కు అభిశంసన' అని కొట్టేశాం. తెల్లారేసరికి ఆఫీసుకి ఫోన్లే ఫోన్లు. "మరి ఇప్పుడు ప్రెసిడెంట్ ఎవరండీ?" అని!

అసలు తిప్పలు శీర్షికలో కాదు, లోపలి కథలో వచ్చాయి. డెమోక్రాట్లు "ఆయన చేసింది తప్పే, కానీ ఇంపీచ్ చేసేంత తప్పు కాదు, సెన్షూర్ చేసి, అంటే తప్పుబడుతూ తీర్మానం చేసి, వదిలేద్దాం" అన్నారు. దాన్ని సభలో ఓటింగ్‌కే రానివ్వలేదు. ఇప్పుడు సెన్షూర్‌ని తెలుగులో ఏమంటాం? మన శాసనసభల భాషలో అదీ అభిశంసన తీర్మానమే. కుర్రాడొకడు అనువాదం చేసి నా బల్ల మీద పెట్టాడు. 'అభిశంసన వద్దు, అభిశంసన చాలు: డెమోక్రాట్లు' అని ఉంది. వాడి తప్పేం లేదు, డెస్కు నిఘంటువులో రెండింటికీ అదే ఉంది. చివరికి నేను రెండోదాన్ని 'మందలింపు తీర్మానం' అని మార్చాను. మందలింపు అంటే మాస్టారు పిల్లాణ్ని కసిరినట్టుంటుంది, కాస్త చులకనే. కానీ రాత్రి పన్నెండున్నరకి అంతకన్నా తట్టలేదు.

గుంటూరు వకీలు:
మీ నాన్నగారి పక్షాన వకాల్తా వేస్తున్నాను. ఆయన మనసులో ఉన్నది అమెరికా రాజ్యాంగం కాదు, మనది. మన 61వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మీద ఒక సభ అభియోగం మోపుతుంది, రెండో సభ విచారిస్తుంది. రెండుచోట్లా మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. రెండో సభ ఔనంటే ఆ రోజునుంచే పదవి పోతుంది. ఈ తతంగం మొత్తాన్నీ మనం అభిశంసన అంటాం. మన దగ్గర అభిశంసన పూర్తయిందంటే మనిషి ఇంటికే.

అమెరికాలో ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో చార్జిషీటు వేస్తుంది. ఇంపీచ్‌మెంట్ అంటే అంతవరకే. తర్వాత సెనేట్ కోర్టులా కూర్చుంటుంది, ప్రెసిడెంట్ కేసైతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వచ్చి పీఠం మీద కూర్చుంటారు. దోషి అనాలంటే హాజరైనవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. ఇలా దోషిగా తేలి పదవి పోయినవాళ్లు ఇంతవరకు ఎనిమిది మంది. అందరూ ఫెడరల్ జడ్జీలే, ఒక్క ప్రెసిడెంటూ లేడు.

ఇంకో మాట. మన 124వ అధికరణంలో జడ్జీల విషయంలో ఇంపీచ్‌మెంట్ అన్న మాటే లేదు, తొలగింపు అనే ఉంది. అయినా 2018లో ప్రధాన న్యాయమూర్తి మీద ఇచ్చిన నోటీసును రాజ్యసభ ఛైర్మన్‌గా వెంకయ్యనాయుడు గారు తిరస్కరించినప్పుడు తెలుగు పేపర్లన్నీ అభిశంసన అనే రాశాయి. అందుకే మన చెవికి అభిశంసన అంటే తొలగింపు అయి కూర్చుంది.

డల్లాస్ అక్క:
వకీలు గారూ, ఈ ముక్క నాన్నగారికి చదివి వినిపించాను, మహా సంతోషం. మరి నిక్సన్?

గుంటూరు వకీలు:
1974 జులై ఆఖర్లో ప్రతినిధుల సభ న్యాయ వ్యవహారాల కమిటీ మూడు అభియోగాలు ఆమోదించింది. అవి పూర్తి సభలో ఓటింగ్‌కి రాకముందే ఆగస్టు 8 రాత్రి టీవీలో రాజీనామా ప్రకటించి, 9న వెళ్లిపోయాడు. మనవడే గెలిచాడు.

హైదరాబాద్ కుర్రాడు:
హిందీవాళ్లలా మనమూ 'మహాభియోగం' అంటే పోదా? అభియోగం అంటే చార్జ్ అని అందరికీ తెలుసు, కన్‌ఫ్యూజన్ ఉండదు.

పాత సబ్‌ఎడిటర్:
బానే ఉంటుంది తమ్ముడూ, కానీ 'ట్రంప్‌కు మహాభియోగం' అంటే ఏదో మహర్దశ పట్టినట్టుంది. నన్నడిగితే నామవాచకాన్ని మార్చక్కర్లేదు, దాని పక్కన పెట్టే క్రియ మార్చుకోవాలి. 2019 డిసెంబరు 18న సభ ట్రంప్‌ను అభిశంసించింది. 2020 ఫిబ్రవరి 5న సెనేట్‌లో రెండు అభియోగాల మీద దోషి అన్నవాళ్లు, కాదన్నవాళ్లు 48-52, 47-53 వచ్చారు. అప్పుడు 'అభిశంసన వీగిపోయింది' అని రాస్తే తప్పు. వీగిపోయేది తీర్మానం. అభిశంసన డిసెంబరులోనే అయిపోయింది, దాన్ని ఎవరూ చెరపలేరు. సెనేట్‌లో వీగింది కేసు.

అలాగే 'అభిశంసన అధికరణలు' అని రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఆర్టికల్ అనగానే అధికరణం అనెయ్యడమేనా? అది రాజ్యాంగంలో. ఇక్కడ హాయిగా అభియోగాలు అనొచ్చు.

డల్లాస్ అక్క:
నాకు 2021 గుర్తొస్తోంది. జనవరి 6న చట్టసభ భవనం క్యాపిటల్ మీద దాడి, ఆ రోజంతా టీవీ ముందునుంచి లేవలేదు. వారం తిరగ్గానే, 13న, రెండోసారి ఇంపీచ్‌మెంట్. సెనేట్ విచారణ మొదలయ్యేసరికి ఫిబ్రవరి, ట్రంప్ పదవి దిగి దాదాపు మూడు వారాలు అయింది. ఇండియా నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "దిగిపోయినవాణ్ని మళ్లీ దించడమేంటే?" అంది. ఆ రోజు నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను.

గుంటూరు వకీలు:
సెనేట్‌లోనూ చాలామంది మీ పిన్నిగారి ప్రశ్నే వేశారు! దోషి అని తేలితే మళ్లీ పదవి చేపట్టకుండా నిషేధించే వీలుంది, అందుకని విచారణ నడిపించారు. 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. 67 కావాలి కాబట్టి కేసు కొట్టేసినట్టే. దీన్ని 'నిర్దోషిగా తేల్చిన సెనేట్' అని రాస్తే నా మనసొప్పదు. ఎక్కువమంది దోషి అన్నాక నిర్దోషి అని తేల్చిందెవరు? 'అభియోగం రుజువు కాలేదు' అనడమే ఉన్నంతలో నయం.

విశ్రాంత తెలుగు మాస్టారు:
క్రియ సంగతి సబ్‌ఎడిటర్ గారు బాగా పట్టుకున్నారు. 'అభిశంసనకు గురయ్యారు' అన్నది కూడా నాకు నచ్చదు. ప్రమాదానికి గురవుతాం, మోసానికి గురవుతాం. 'సభ అభిశంసించింది' అంటే చేసిందెవరో, ఎంతవరకు చేశారో తెలుస్తుంది.

డల్లాస్ అక్క:
ఇదంతా భోజనాల దగ్గర మళ్లీ చదివాను. నాన్నగారు అంతా విని, మనవడి వైపు తిరిగి, "సరే, అభిశంసించలేదు, ఒప్పుకున్నా. మరి ఎందుకు దిగాడ్రా?" అన్నారు. వాడు అన్నం నములుతూ చెప్పాడు: "అభిశంసిస్తారని."