ముగ్గురే ఉన్న బేస్ డ్రమ్ వరుసకు భాగాలు ఎలా రాయాలి?

ప్రశ్న

నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి చదివే హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌కు డ్రమ్ముల భాగాలు సరిచేసే పనిలో నేను సాయపడుతున్నాను. కొని తెచ్చిన నోటేషన్ అంతా ఐదుగురు బేస్ డ్రమ్మర్లకు (ఒక్కొక్కరు ఒక్కో సైజు పెద్ద డ్రమ్మును మోస్తూ వాయించేవారు) రాసినదే, మాకున్నది ముగ్గురు. రెండో భాగాన్ని, నాలుగో భాగాన్ని తీసేసి చూస్తే, ఒకరి నుంచి మరొకరికి సాగిపోవలసిన దెబ్బల మధ్య ఖాళీలు పడి, ఎవరో తడబడినట్టు వినిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు

తీసేయకూడదండి, తిరిగి పంచాలి. ముందుగా ఐదు భాగాలనూ ఒక్కరే వాయిస్తున్నట్టు ఒకే వరుసలో రాసుకుని, శ్రుతి పైనుంచి దిగుతోందా, కిందినుంచి ఎక్కుతోందా అన్నది గమనించండి. ఆ లయ, ఆ దిశ నిలబడితే ఏ దెబ్బ ఎవరిదన్నది మీ ఇష్టం. బీటుకు నాలుగు దెబ్బలున్నచోట పై డ్రమ్ముకు, అంటే హెచ్చు శ్రుతి ఉన్న చిన్న డ్రమ్ముకు రెండు, మిగిలిన ఇద్దరికీ చెరొకటి ఇవ్వండి. చిన్న డ్రమ్ము మోత త్వరగా ఆగుతుంది కనుక ఆ రెండూ విడివిడిగా తెలుస్తాయి. అడుగు డ్రమ్ముకు, అంటే అన్నిటికంటే పెద్దదానికి, వెంటవెంటనే రెండు దెబ్బలిస్తే గ్యాలరీలో ఉన్నవారికి అవి కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి. అడుగు డ్రమ్మును చాలావరకు సూసాఫోన్లతో (మంద్ర స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకాలు) నడిపించి, స్నేర్ డ్రమ్ముల (గరగరమని పలికే చిన్న డ్రమ్ములు) ముఖ్యమైన దెబ్బల దగ్గర ముగ్గురినీ కలపండి.

మరో జవాబు

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకు ముగ్గురుండటం లోపంగా కాక, వరంగానే కనిపిస్తోంది. బీటుకు నాలుగు దెబ్బల నడకలోనే డ్రమ్ములను ఒకటి, రెండు, మూడు అంటూ తిప్పండి. మొదటి బీటు పై డ్రమ్ము మీద, రెండో బీటు నడిమి డ్రమ్ము మీద, మూడో బీటు అడుగు డ్రమ్ము మీద పడతాయి; 12 దెబ్బలకు మూడు బీట్లు పూర్తవుతాయి, నాలుగో బీటున ముగ్గురూ కలిసి ఒక్క దెబ్బ వేస్తే నాలుగు బీట్ల బార్ నిండుతుంది. అంతా ఒక్కరే కుడి, ఎడమ మార్చి వాయిస్తున్నట్టు చేతులు లెక్కిస్తే, పై డ్రమ్ముకు వచ్చే 1, 4, 7, 10 దెబ్బలు కుడి, ఎడమ, కుడి, ఎడమగా వస్తాయి. తక్కిన ఇద్దరికీ చేతులు అలాగే మారుతూ వస్తాయి, కాబట్టి డ్రమ్ముకున్న రెండు ముఖాలూ పలుకుతాయి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. స్కూల్లో 18 నుంచి 26 అంగుళాల వరకు ఐదు డ్రమ్ములూ ఉన్నాయి. వాటిలో ఏ మూడు తీసుకోమంటారు? పాట వేగం నిమిషానికి 144 బీట్లు.

జవాబు

18, 22, 26 తీసుకోండి. పక్కపక్క సైజులు తీసుకుంటే శ్రుతుల మధ్య ఎడం తగ్గి, అంత శ్రమపడి పంచినదంతా ఒకే డ్రమ్ము మీద వాయించినట్టు ఉంటుంది. 26 మోయడం పిల్లలకు కష్టమైతే 24తో సరిపెట్టుకోవచ్చు. ఇక ఆ వేగంలో రెండు దెబ్బల మధ్య వ్యవధి సెకనులో పదో వంతు మాత్రమే. ఇద్దరు డ్రమ్మర్లు మైదానంలో పది గజాల ఎడంగా నిలబడితే, ఒకరి దెబ్బ మరొకరి చెవికి చేరేసరికే అందులో నాలుగో వంతు గడిచిపోతుంది. అందువల్ల ఇలాంటి భాగాలున్న బార్లలో ముగ్గురినీ పక్కపక్కనే ఉంచమని డ్రిల్ (మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో చెప్పే పథకం) రాసేవారికి ముందే చెప్పండి.