ఉత్తుత్తి సూదితోనూ నొప్పి తగ్గితే, అసలు సూదిని ఏమనాలి?

సందేహి:
ఆక్యుపంక్చర్, అంటే సూదులు గుచ్చే చైనా వైద్యం మీద జర్మనీలో జరిగిన గెరాక్ పరీక్ష (2007లో అచ్చయింది) ముందు పెట్టుకుని మాట్లాడదాం. దీర్ఘకాలపు నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి చైనా సంప్రదాయం చెప్పిన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు, అంటే బిందువులు కాని చోట్ల, లోతుకు పోకుండా పైపైన. మూడో గుంపుకి మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకి మెరుగైనవాళ్లు వరసగా 47.6, 44.2, 27.4 శాతం. అంటే ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకటే. మరి చీ అనే ప్రాణశక్తి, అది ప్రవహించే మెరిడియన్లు అనే దారులు, వాటి మీద 361 బిందువులు, ఇదంతా దేనికి? "తగ్గుతోంది కాబట్టి సిద్ధాంతం నిజం" అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నడుంపట్టు:
సందేహి గారూ, మొదటి రెండు అంకెల దగ్గరే ఆగిపోయారు మీరు. మూడోది కూడా చూడండి. మందులూ వ్యాయామమూ కలిపి 27 దగ్గర ఉంటే, మీరు ఉత్తుత్తిది అంటున్న సూదే 44 దాటింది. నడుం వంగనివాడికి కావలసింది నడుం వంగడం, చీ ఉందా లేదా అన్న తీర్పు కాదు. ఈ పరీక్షల ఫలితాలు చేతికొచ్చాకే కదా 2006లో జర్మనీ నడుంనొప్పికీ మోకాలి అరుగుదలకీ ఆక్యుపంక్చర్‌ని బీమాలో చేర్చింది.

సందేహి:
ఆ 27.4ని అంతగా నమ్ముకోకండి. చేరినవాళ్లు సగటున ఎనిమిదేళ్లుగా నొప్పి పడుతున్నవాళ్లు. మామూలు వైద్యం చాలామంది అప్పటికే చూసేశారు. సూదులు వేస్తారని వస్తే చీటీలో మళ్లీ ఆ పాత వైద్యమే తగిలింది, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. ఉసూరుమన్నవాడు ప్రశ్నపత్రంలో "బాగా తగ్గింది" అని రాస్తాడా? అసలుదో ఉత్తుత్తిదో తెలియకుండా ఉన్నది మొదటి రెండు గుంపులే. కాబట్టి న్యాయమైన పోలిక ఆ రెంటి మధ్యే.

రెండోసూది:
న్యాయమైన పోలికే, కానీ మీరనుకున్నంత శుభ్రమైనది కాదు. ఉత్తుత్తి మాత్రలో పిండి తప్ప ఏమీ ఉండదు. ఉత్తుత్తి సూది అలా కాదు, రెండు మిల్లీమీటర్లు దిగినా నరాల కొసలకి తెలుస్తుంది. గెరాక్ పోల్చింది సూదిని సూదితోనే. పలచన మజ్జిగని చిక్కటి మజ్జిగతో పోల్చి, రెంటికీ దాహం తీరింది కాబట్టి మజ్జిగలో ఏమీ లేదన్నట్టుంది మీ వాదన.

ఇందుకే 1998లో స్ట్రైట్‌బెర్గర్ సూది వచ్చింది. మొన మొద్దుగా ఉంటుంది. నొక్కితే నాటకంలో కత్తిలా పిడిలోకి జారిపోతుంది. చర్మం మీద చిన్న ప్లాస్టిక్ రింగు పెట్టి, దాని మీద పట్టీ అంటించి, ఆ పట్టీలోంచి నిలబెడతారు. చూసేవాడికి దిగినట్టే ఉంటుంది, చురుక్కుమని కూడా అనిపిస్తుంది. దీనికీ ఒక లోటుంది: రోగికి తెలియకపోయినా గుచ్చేవాడికి తెలుసు. వాడి మొహం, మాట, చెయ్యి ఏదో ఒకటి చెప్పేస్తాయి.

తేడా ఎంత అన్నదానికి విక్కర్స్ బృందం 2012 విశ్లేషణ చూడండి. 29 పరీక్షలు, 17,922 మంది, ఒక్కొక్కరి వివరాలూ తీసుకుని లెక్కేశారు. వాళ్లిచ్చిన ఉదాహరణ ఇది: నూటికి 60 నొప్పితో మొదలైతే, సూదులు లేనివాళ్లు 43కి, ఉత్తుత్తి సూదివాళ్లు 35కి, అసలు సూదివాళ్లు 30కి వస్తారు. అంటే చోటూ లోతూ వల్ల వచ్చేది 5. మిగతా 8 పడుకోబెట్టడం, ముట్టుకోవడం, నమ్మకం, చర్మం మీద చురుకు, అన్నీ కలిపి. సున్నా కాదు, కానీ సిద్ధాంతాన్ని మోసేంత పెద్దదీ కాదు. ఈ 5ని దాచేవాళ్లూ, ఆ 8ని తమ ఖాతాలో వేసుకునేవాళ్లూ ఇద్దరూ తప్పే.

మణికట్టు:
"ఎక్కడ గుచ్చినా ఒకటే" అన్నది నడుంనొప్పి మాట. వాంతుల దగ్గర ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద మణికట్టు లోపలి వైపున్న నెయ్‌గువాన్ బిందువుని 59 పరీక్షల్లో చూశారు (వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష, 7,667 మంది). ఉత్తుత్తి దానికంటే మెరుగు, వాంతుల మందులతో పోలిస్తే దాదాపు సమానం అని తేలింది. సాక్ష్యం నాణ్యత గొప్పగా లేదని వాళ్లే రాశారు, అది ఒప్పుకుంటాను.

ఆ బిందువు పట్టుకోవడంలోనే సగం తప్పులు జరుగుతాయి. మణికట్టు గీత మీద చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు అడ్డంగా పెడితే వచ్చే వెడల్పు 2 చున్‌లు (చున్ అంటే చైనా వైద్యంలో వేళ్లతో కొలిచే కొలత). ఆ వేళ్లు రోగివై ఉండాలి, వైద్యుడివి కాదు. చిన్నపిల్ల చేతి మీద పెద్దవాడి వేళ్లతో కొలిస్తే బిందువు దాటి పైకి పోతాం. ఆ కొలత దగ్గర, పిడికిలి కాస్త బిగించి మణికట్టు వంచితే తేలే రెండు తాళ్లలాంటి స్నాయువుల మధ్య సందు ఉంటుంది. సూది అక్కడే, మెల్లగా.

ఆ సందులోనే కింద మీడియన్ నరం పోతుంది. బరువుగా, మందంగా, లాగుతున్నట్టు అనిపిస్తే అది దేచీ, అంటే సూది పట్టిందన్న గుర్తు, అక్కడ ఆగాలి. వేళ్ల కొసలదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే అది దేచీ కాదు, నరానికి తగిలింది. వెంటనే కొంచెం వెనక్కి తీయాలి. "చీ బలంగా వచ్చింది" అని సంబరపడి ఇంకా తిప్పేవాళ్ల దగ్గర చెయ్యి పెట్టకపోవడం మేలు.

కషాయంకుండ:
సూది గురించి ఏం తేల్చుకున్నా సరే, అదే ఊపులో చైనా మూలికలకి కూడా యోగ్యతాపత్రం రాసివ్వకండి. రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి గానీ సాక్ష్యమూ వేరు, ప్రమాదమూ వేరు.

సమర్థించేవాళ్లు ఎప్పుడూ ఒక మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ పేరు తెస్తారు. ఆమెకి 2015లో నోబెల్ వచ్చింది, నిజమే. గె హోంగ్ అనే పాతకాలపు చైనా వైద్యుడి గ్రంథంలో ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, కాచమని లేదు. అది చూసే వేడి వల్ల గుణం పోతోందేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో తీశారు. గ్రంథం దారి చూపింది, అంతే. ఏ పదార్థం, ఎంత మోతాదు అన్నది ప్రయోగశాలే తేల్చింది.

రెండో వైపు బ్రసెల్స్. 1990ల మొదట్లో బరువు తగ్గించే గుళికల్లో హాన్ ఫాంగ్ జీ ఉండాల్సిన చోట గువాంగ్ ఫాంగ్ జీ వచ్చిపడింది. పేర్లు దగ్గర, మొక్కలు వేరు. రెండోదాంట్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం చాలామంది ఆడవాళ్ల మూత్రపిండాలు పాడుచేసింది, ఆ తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్లు కూడా బయటపడ్డాయి.

మోతాదు సరే, వండటం సంగతో? ఫూజీ, అంటే శుద్ధి చేసిన వత్సనాభి జాతి దుంప, చైనా ఫార్మకోపియా (మందుల ప్రామాణిక గ్రంథం) ప్రకారం 3 నుంచి 15 గ్రాములు, మిగతా మూలికలకంటే ముందే వేసి చాలాసేపు కాచాలి. చాలాసేపు కాస్తేనే అందులోని అకోనిటిన్ అనే విషపదార్థం విరిగి విషం తగ్గుతుంది. అన్నీ ఒకేసారి కుండలో పోసి ఇరవై నిమిషాల్లో దించితే పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, ఆపైన గుండె లయ తప్పుతుంది. దాన్‌షెన్ అనే మూలిక, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లలో రక్తం మరీ పలచబరుస్తుంది. అతిమధురం వారాల తరబడి వాడితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. మూలికే కదా అని డాక్టరుకి చెప్పకుండా ఉండటం, అదే అసలు జబ్బు.

నడుంపట్టు:
మూలికల మీద మీతో పేచీ లేదు. కానీ సూదిని కూడా అదే గాటన కట్టకండి. జర్మనీలోనే 2,29,230 మందిని చూస్తే 8.6 శాతానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, ఎక్కువగా కమిలిన మచ్చ, కాస్త రక్తం. ఊపిరితిత్తికి చిల్లు పడింది ఇద్దరికి.

రెండోసూది:
ఆ ఇద్దరి సంగతే ముఖ్యం నడుంపట్టు గారూ. వాళ్లకి సూది వేసింది శిక్షణ ఉన్న డాక్టర్లు. భుజం పైన జియన్‌జింగ్ అనే బిందువు ఉంది, మెడనొప్పికి అందరూ వాడేదే. సన్నటి మనిషిలో దాని కింద ఊపిరితిత్తి చాలా దగ్గరగా ఉంటుంది. కండని వేళ్లతో ఎత్తిపట్టి ఏటవాలుగా వేయాలి, నిలువునా దింపకూడదు. ఊపిరితిత్తికి చిల్లు పడితే ఛాతీలో గాలి చేరడం గంటల తర్వాత కూడా తెలియొచ్చు. ఇంటికెళ్లాక ఆయాసం, ఛాతీలో పోటు వస్తే "సూదుల అలసట" అని పడుకోకుండా ఎమర్జెన్సీకి పోవాలి.

సందేహి:
ఆ 5 అంకె ఒప్పుకుంటున్నాను. అయితే బ్రిటన్‌లో చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2009లో నడుంనొప్పికి సూదులు సరేనంది, 2016లో వద్దంది, 2021లో దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పికి గరిష్ఠంగా ఐదు గంటల చికిత్స దాకా మళ్లీ సరేనంది. ఆ 5ని ఒక్కో కమిటీ ఒక్కోలా తూచింది. ఐదారు సిట్టింగులకి ఏమీ తేడా లేకపోతే మానేయమని చెప్పే వైద్యుడెవరైనా ఉంటే నాకు పేచీ లేదు. ఇంకో పది వేయించుకోండి, చీ ఇంకా తెరుచుకోలేదు అనేవాడితోనే.

మణికట్టు:
దాని మీద మాత్రం ఇద్దరం ఒకటే.