కరెన్ ఊళ్ల మీద షెల్లింగ్: మా తమ్ముడు చెప్పింది విన్నాక కొన్ని డౌట్లు

కోనసీమ_కిట్టు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మా చిన్నాన్న కొడుకు 2024 ఫిబ్రవరిలో ఒక ఏజెంటు మాట నమ్మి థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్లాడు. రాత్రికి రాత్రి నది దాటించేశారు. తెల్లారాక తెలిసింది, తానున్నది మయన్మార్‌లో, మ్యావడీ దగ్గర సైబర్ మోసాల కాంపౌండులో అని. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు కొన్ని వందల మందిని తీసుకొచ్చినప్పుడు వాడూ వచ్చాడు. ఆ ఏజెంటు సంగతి వేరే కథ, దాని గురించి అడగడం లేదు.

అక్కడి దెబ్బల గురించి వాడు ఎక్కువ చెప్పడు. కానీ చప్పుళ్ల గురించి చెప్తాడు. రాత్రిపూట కొండల వైపు నుంచి "ధబ్" మని వినపడేదట, కాసేపటికి దూరంగా పేలుడు. కాంపౌండు వంటగదిలో ఒక పెద్దావిడ ఉండేదట, కరెన్ మనిషి (మయన్మార్‌లో థాయ్ సరిహద్దు వైపు ఉండే ఒక జాతి). ఆవిడ ఊరు ఆ కొండల అవతలే. మొదటి ధబ్ వినపడగానే గరిటె పక్కన పెట్టి, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకునేది, మన బామ్మలు జపం చేసుకున్నట్టు. భాష రాదు కాబట్టి వీడు ఏమీ అడగలేకపోయాడు. ప్రార్థన అనుకున్నాడు.

నా డౌట్లు ఇవి. కాంపౌండు గేటు దగ్గర తుపాకులు పట్టుకున్నదీ కరెన్ వాళ్లే అంటాడు వీడు. వార్తలు చూస్తే కరెన్ ఊళ్ల మీద బాంబులు వేస్తున్నారని ఉంటుంది. రెండూ ఎలా నిజం? ఊళ్ల మీద పడేవి గురి తప్పినవా, కావాలని కొట్టేవా? ఆవిడ లెక్కపెట్టింది ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

సాల్వీన్_పాఠకుడు:

కిట్టు గారూ, మీ మొదటి డౌటు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. "కరెన్" అంటే ఒకే జట్టు కాదు.

కరెన్ నేషనల్ యూనియన్, అంటే కేఎన్‌యూ, 1947లో పుట్టింది. 1949 జనవరి నుంచి బర్మా (ఇప్పటి మయన్మార్) సైన్యంతో పోరు నడుస్తూనే ఉంది. 1994 చివర్లో కేఎన్‌యూలో క్రైస్తవ నాయకత్వం మీద కోపంతో కొంతమంది బౌద్ధ కరెన్ సైనికులు విడిపోయి సైన్యంతో చేతులు కలిపారు. ఆ దెబ్బకి 1995 జనవరిలో కేఎన్‌యూ రాజధాని లాంటి మనెర్‌ప్లా పడిపోయింది. అలా విడిపోయినవాళ్లలో ఒక పెద్ద ముక్క 2010లో బోర్డర్ గార్డ్ ఫోర్స్ పేరుతో సైన్యం కిందికి వెళ్లింది. దాని నాయకుడు సా చిట్ తూ. ఈ మధ్య కరెన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చుకున్నారు, 2025లో అమెరికా ఆంక్షలు కూడా పెట్టింది. మీ తమ్ముడు చూసిన గేటు వాళ్లు దాదాపుగా ఈ బాపతే. షెల్లింగ్ పడేది వేరే కరెన్ల మీద. ఉత్తరాన ముత్రా కొండల్లో పోడు కొట్టుకునేవాళ్లు, చౌక్‌చీ, కాకరేక్, చైన్‌సేక్‌చీ వైపు వరి, పోకచెక్క పండించుకునేవాళ్లు.

రెండో డౌటుకి వద్దాం. కొన్ని గురి తప్పినవి ఉంటాయి, కాదనను. కానీ ఇన్నేళ్లుగా ఒకే తీరులో జరిగేదాన్ని పొరపాటు అనలేం. 1960ల నుంచి బర్మా సైన్యానికి "ప్యత్ లే ప్యత్" అని ఒక పద్ధతి ఉంది, నాలుగు కోతలు అని అర్థం. తిరుగుబాటుదారులకి తిండి, డబ్బు, కబురు, కొత్త మనుషులు అందకుండా కోసెయ్యాలి. ఆ నాలుగూ ఎక్కడి నుంచి వస్తాయి? ఊళ్ల నుంచే. అంటే ఊరే టార్గెట్ అయిపోతుంది. రోడ్డు మీద సైన్యం లారీల మీద దాడి జరిగితే, కొండమీది సైన్యం క్యాంపు నుంచి దగ్గర్లో ఉన్న ఊళ్ల మీదికి మోర్టార్లు. చుట్టుపక్కల యుద్ధం లేని రోజున కూడా, జనం పొలాల్లో ఉన్నారని తెలిసి వేసిన సందర్భాలున్నాయి. కరెన్ హ్యూమన్ రైట్స్ గ్రూప్ అనే సంస్థ 1992 నుంచి ఇవన్నీ ఊళ్లవాళ్ల నోటనే రాయిస్తోంది. ఏ తారీఖు, ఏ ఊరు, ఏ క్యాంపు నుంచి వచ్చింది, గేదెలు ఎన్ని పోయాయి, గాదెలో వడ్లు ఎంత తగలబడ్డాయి, అన్నీ. చదువుతుంటే పంచనామా చదివినట్టే ఉంటుంది.

2012లో ప్రాథమిక ఒప్పందం, 2015 అక్టోబరులో దేశవ్యాప్త కాల్పుల విరమణ సంతకాలు అయ్యాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న సైనిక కుట్ర, దాంతో అంతా మొదటికి. మార్చి 27న కేఎన్‌యూ సేనలు సాల్వీన్ నది దగ్గర ఒక సైనిక స్థావరాన్ని పట్టుకున్నాయి, అదే రోజు రాత్రి ముత్రాలోని డే పూ నో ఊరి మీద విమానాలు బాంబులు వేశాయి. అక్కడ అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా వైమానిక దాడి లేదు. వేలమంది అడవిలోకి పారిపోయారు.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది లే కే కా సంగతి. మ్యావడీకి దక్షిణాన ఉంటుంది. శరణార్థులు తిరిగొచ్చి బతకడానికని జపాన్‌కి చెందిన నిప్పన్ ఫౌండేషన్ డబ్బుతో కట్టిన "శాంతి పట్నం". 2017లో తెరిచారు. 2021 డిసెంబరులో సైన్యం అక్కడికి చొరబడి, తర్వాత ఫిరంగులు, విమానాలు. శాంతి వచ్చిందని నమ్మి వెనక్కొచ్చినవాళ్లే మోయ్ నది దాటి మళ్లీ థాయిలాండ్ వైపు పరిగెత్తారు, కొంతమంది నడుముల్లోతు నీళ్లలో.

మాజీ_గన్నర్:

కిట్టు బాబూ, ఆర్టిలరీలో 17 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఆవిడ లెక్క ప్రార్థన కాదు.

మోర్టార్ గుండు నెమ్మదైనది, నిటారుగా పైకి వెళ్లి కిందికి దిగుతుంది. 81 మిల్లీమీటర్ల మోర్టార్‌ని నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి కొడితే గుండు గాల్లో ఇరవై ఐదు, ముప్ఫై సెకన్ల దాకా ఉండొచ్చు. పేల్చిన చప్పుడు మాత్రం పన్నెండు సెకన్లలోపే వచ్చేస్తుంది. అంటే ధబ్ విన్నాక పది పదిహేను సెకన్లు చేతిలో ఉంటాయి. ఆ పది సెకన్లలో పిల్లల్ని లాక్కుని ఇంటి కింద తవ్వుకున్న గోతిలో దూరాలి. ఆవిడ ఊళ్లో ఉన్నప్పుడు చేసిన పనే చెయ్యి ఇంకా చేస్తోంది. లెక్క అయిపోయి పేలుడు దూరంగా వినపడితే, ఇక్కడ కాదు అని అర్థం.

105, 122 ఫిరంగుల సంగతి వేరు. అవి శబ్దం కంటే వేగంగా బయల్దేరతాయి. చప్పుడు, గుండు కాస్త అటూఇటూగా కలిసే వస్తాయి. దానికి లెక్కపెట్టడం ఉండదు.

ఇంకో మాట. మేము కొట్టేటప్పుడు ముందు ఓపీ అని ఒకడు దూరంగా కూర్చుని మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి, కుడికి వంద, ఇంకో యాభై తగ్గించు, అని సరిదిద్దుతాడు. అలా చూసేవాడు లేకుండా రాత్రిపూట మ్యాపు మీద ఊరిని చూసి గుండ్లు వదిలితే అది టార్గెట్‌ని కొట్టడం కాదు, ఊరి మీద చల్లడం. మోర్టార్ ముక్కలు ముప్ఫై నలభై మీటర్లు కోసుకుంటూ పోతాయి. వెదురు గోడ, ఆకు కప్పు దానికి కాగితంతో సమానం. గొయ్యి మాత్రం పనికొస్తుంది, ముక్కలు పైకీ పక్కకీ ఎగురుతాయి కాబట్టి. నెత్తి మీదే పడితే గొయ్యి కూడా కాపాడలేదు.

నిజమెంత:

అందరూ సైన్యాన్నే అంటున్నారు. కేఎన్‌యూ వాళ్లు మాత్రం శుద్ధపూసలా? వాళ్లు మందుపాతరలు పెట్టరా, మ్యావడీ యుద్ధంలో జనం మధ్య నుంచి కాల్చరా? 2024 ఏప్రిల్‌లో ఆ ఊరిని పట్టుకున్నది వాళ్లే కదా, తర్వాత బాంబులు పడ్డాయి. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

సాల్వీన్_పాఠకుడు:

న్యాయమైన ప్రశ్నే. మందుపాతరలు రెండు వైపులా పెడతారు, ఈ విషయంలో కేఎన్‌యూని వెనకేసుకురాను. 2023లో మందుపాతరల వల్ల చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి ప్రపంచంలో ఏ దేశం కన్నా మయన్మార్‌లోనే ఎక్కువ, వెయ్యి దాటింది. పశువుల్ని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు, పొలానికి తిరిగొచ్చినవాళ్లు. షెల్లింగ్‌కి భయపడి పారిపోయి, వరి కొయ్యడానికి దొంగచాటుగా వచ్చినప్పుడు కాలి కింద పేలడం అక్కడ మామూలైపోయింది.

కానీ ఆకాశం నుంచి బాంబులు, పదిపన్నెండు కిలోమీటర్ల నుంచి ఫిరంగులు, అవి ఎవరి దగ్గరున్నాయో చూడండి. మీరన్న మ్యావడీలోనే, ఏప్రిల్‌లో ఓడిపోయిన రెండు వందల మంది బర్మా సైనికులు థాయ్ సరిహద్దులోని రెండో స్నేహ వంతెన కింద నక్కి ఉంటే విమానాలొచ్చి చుట్టూ బాంబులు వేశాయి, మూడు వేల మంది దాకా నది దాటి థాయ్ ఊరు మేసోత్ వైపు వచ్చారు. చప్పట్లకి రెండు చేతులు కావాలి, నిజమే. ఇక్కడ ఒక చేతికి జెట్ విమానాలున్నాయి.

ఇంకోటి కూడా చెప్పాలి, మనకి ఇబ్బందిగా ఉన్నా. 2023 మేలో ఐరాస స్పెషల్ రాపోర్టర్ (మానవ హక్కుల పరిశీలకుడు) టామ్ ఆండ్రూస్ ఒక నివేదిక ఇచ్చారు. కుట్ర తర్వాత మయన్మార్ సైన్యానికి కనీసం వంద కోట్ల డాలర్ల ఆయుధాలు, విడి భాగాలు, ముడిసరుకు చేరాయని. ఎక్కువ రష్యా, చైనా, సింగపూర్‌ల నుంచి. ఇండియా నుంచి కూడా 5.1 కోట్ల డాలర్ల సరుకు, అందులో ప్రభుత్వ సంస్థల వాటా ఉంది. "మనకేంటి" అనేవాళ్లకి ఇదొక్కటి చూపిస్తాను నేను.

సెయింట్‌పాల్_సూరి:

నేనుండేది అమెరికాలో, మిన్నెసోటా. ఇక్కడ సెయింట్ పాల్‌లో కరెన్ వాళ్లు వేలల్లో ఉన్నారు, థాయ్ శరణార్థి క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు. మనవాళ్లకి వాళ్లు ఎలా పరిచయం అంటే గోంగూర వల్ల. నిజంగా. వాళ్లూ గోంగూర తింటారు, చిన్‌బౌంగ్ అంటారు బర్మీస్‌లో. వేసవిలో పెరట్లో, అద్దె స్థలాల్లో పండించి సంతలో అమ్ముతారు. జూలై వచ్చిందంటే మన తెలుగువాళ్లు క్యూ.

నేను కొనే ఆంటీ ఒకసారి కట్టలు కడుతూ చెప్పింది, కూతురు ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది నాకు. ఊరు మీద గుండ్లు పడ్డాయి, అది కోతల కాలం. వరి పండి వంగిపోయి ఉంది, కొయ్యడానికి వెళ్తే పొలంలోకి కూడా వేశారు. అడవిలో టార్పాలిన్ కింద మూడు వారాలు. పొయ్యి పొగ కనపడుతుందని పగలు వంట చేసేవాళ్లు కాదు. తెల్లారకముందు మట్టిపిడతలో వండుకుని చల్లారిన అన్నం, ఉప్పు, మిరపకాయ రోజంతా. తిరిగి వెళ్లేసరికి వడ్లు గింజ గింజ నేల మీద రాలి మొలకెత్తాయట. ఆవిడ ఏడ్చిన మాట అదొక్కటే. ఇల్లు కాలిందని చెప్పినప్పుడు ఏమీ అనలేదు, మొలకెత్తిన వడ్ల దగ్గర గొంతు మారింది. మా నాన్న తుఫానుకి చేలో వరి మొలకెత్తినప్పుడు ఎలా ఉన్నాడో గుర్తొచ్చి నేను ఆ రోజు బేరం ఆడలేదు.

తర్వాత మే లా క్యాంపులో ఇరవై ఏళ్లు, పిల్లలు అక్కడే పుట్టారు. 1984 నుంచి ఉన్న క్యాంపు అది. అక్కడ పుట్టి పెరిగి, పిల్లల్ని కన్నవాళ్లు కూడా ఉన్నారు, ఊరు చూడకుండానే.

కంచరపాలెం_మనవరాలు:

మా అమ్మమ్మ వాళ్లు విశాఖ బర్మా క్యాంపు. తాతయ్యది మౌల్మీన్ దగ్గర, 60ల్లో అన్నీ వదిలేసి ఓడ ఎక్కారు. అమ్మమ్మ కరెన్ వాళ్లని "కయిన్" అనేది, బర్మీస్‌లో అలాగే అంటారు. కొండల నుంచి కయిన్ వాళ్లు యాలకులు, మిరపకాయలు తెచ్చి తాతయ్య కొట్లో ఉప్పు, కిరసనాయిలు పట్టుకెళ్లేవాళ్లట. ఒక్కోసారి నెలల తరబడి ఎవరూ దిగేవాళ్లు కాదు. "కొండల్లో గొడవ" అనుకునేవాళ్లం అనేది అంతే. ఆ గొడవ ఇదేనని ఈ థ్రెడ్ చదివాక తెలిసింది. ఇంకా అవలేదన్నమాట.

నిజమెంత:

సూరి గారి పోస్టు చదివాను. నా చప్పట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మందుపాతరల మాట మాత్రం తీసుకోను.

కోనసీమ_కిట్టు:

అందరికీ థాంక్స్. గన్నర్ గారూ, మీరు రాసింది నిన్న రాత్రి మా తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు, ఆవిడ కొన్ని చప్పుళ్లకి లెక్కపెట్టేది కాదట. గరిటె అలాగే చేతిలో పట్టుకుని పొయ్యి పక్కన నేల మీద కూర్చుండిపోయేదట. భయపడి అనుకున్నాడు వాడు.