థీమ్ పార్కులో గోధుమ తగలకుండా తినడం ఎలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

బరంపురం అమ్మ:
మా పాపకి సీలియాక్, అంటే గోధుమ పడని జబ్బు, అని ఈ మధ్యే తేలింది. దసరా సెలవుల్లో పిల్లలిద్దరినీ భువనేశ్వర్ దగ్గర 2024లో తెరిచిన వండర్‌లాకి తీసుకెళ్తున్నాం. వీలైతే సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లి రామోజీ ఫిల్మ్ సిటీ కూడా. లోపల రెస్టారెంట్లలో పాపకి ఏం పెట్టొచ్చు? ఇంటి తిండి రానిస్తారా? ఐస్‌క్రీమ్ సంగతేంటి? మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి షుగర్. తమ్ముడు తింటుంటే పాప చూస్తూ కూర్చోకూడదని నా తాపత్రయం.

గుణుపురం కోడలు:
అక్కా, కౌంటర్‌లో ఉన్న కుర్రాడి మాట మాత్రం నమ్మకండి. ఏ పార్కో పేరు చెప్పను. "గోధుమ పడదు బాబూ" అని మూడుసార్లు చెప్పాను. "రైసే కదా మేడమ్, ఏం కాదు" అని ఫ్రైడ్ రైస్ చేతిలో పెట్టాడు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని వాడికి తెలీదు. నూడుల్స్ వేయించిన బాణలిలోనే ఇదీ వేయించారు. సాయంత్రానికి మా వాడు వాంతులు. రైడ్ల వల్ల తిరిగిందేమో అన్నాడు మేనేజరు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

రాయగడ మాస్టారు:
అమ్మా, మీ రెండో ప్రశ్నకి జవాబు. మన దగ్గర పార్కుల్లో బయటి తిండి మామూలుగా రానివ్వరు. కానీ డాక్టర్ చీటీ ఉంటే వేరు. వెళ్లే ముందు పార్కుకి మెయిల్ పెట్టండి, జబ్బు పేరు, తెచ్చే డబ్బాలో ఏముంటుందో రాయండి. వచ్చిన జవాబు ప్రింటు తీసుకెళ్లండి. ఫోన్‌లో "సరే" అన్నది గేటు దగ్గర పనికిరాదు, అక్కడి సెక్యూరిటీకి ఆ సంగతి తెలీదు. వాళ్లతో వాదించకుండా డ్యూటీ మేనేజర్‌ని పిలవమనండి. మమ్మల్ని అలాగే వదిలారు. లోపల మనవరాలికి ఇడ్లీ, పెరుగు మాత్రమే కొన్నాం. సాంబారు ముట్టనివ్వలేదు, ఇంగువ ఉంటుంది కాబట్టి.

జయపురం వంటపెద్ద:
మాస్టారూ, ఇంగువకీ గోధుమకీ సంబంధం ఏటండీ? అది చెట్టు పాలు. కొరాపుట్ నుంచి విశాఖ దాకా పెళ్లి వంటలు చేసినవాణ్ణి, వెయ్యి విస్తళ్ల వంట నా చేతి మీద నడిచింది. లేనిపోని భయాలు పెట్టకండి. ఇలాగే చెప్పుకుంటూ పోతే పిల్లలకి ఉప్పు, నీళ్లు తప్ప ఏమీ మిగలవు.

రాయగడ మాస్టారు:
చెట్టు పాలే, కాదనలేదు. అది మనకి ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తుంది. అంత ఘాటు సరుకుని మామూలుగా ఉన్నదున్నట్టు అమ్మరు. గమ్ము, పిండి కలిపి డబ్బాలో పోస్తారు. చాలా కంపెనీలు కలిపేది మైదా. మీ వంటింట్లో డబ్బా తిప్పి, వెనక ఏం రాసుందో ఒకసారి చదవండి.

పర్లాకిమిడి బావ:
ఉందే అనుకుందాం. గుండిగ సాంబారుకి చిటికెడు ఇంగువ. అందులో పిల్ల గిన్నెలోకి వచ్చేది ఎంత? మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా గ్లూటెన్ (గోధుమలో ఉండే, ఈ జబ్బుకి పడని ప్రోటీన్) ఫ్రీ అనడానికి కిలోకి 20 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది కదా. సున్నా అనలేదు.

రాయగడ మాస్టారు:
లెక్క వేద్దాం. 20 కిలోల సాంబారు, హోటలు చెయ్యి కాబట్టి 10 గ్రాముల ఇంగువ పొడి. అందులో సగం మైదా అనుకోండి, 5 గ్రాములు. మైదాలో గ్లూటెన్ సుమారు పదో వంతు, అంటే 500 మిల్లీగ్రాములు. కిలోకి 25. గీత దాటేసింది. వంటవాడి చెయ్యి కాస్త పెద్దదైతే ఇంకా ఎక్కువ. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, అది వాడితే గొడవే లేదు. కానీ పార్కులో ఏది వాడారో మనకెవరు చూపిస్తారు?

జయపురం వంటపెద్ద:
నా చెయ్యి గురించి మాట్లాడొద్దు. నేను ముద్ద ఇంగువ నానబెట్టి వాడతాను, పొడి కాదు.

గుణుపురం కోడలు:
ముద్ద దాని మీద కూడా ఏం కలిపారో రాస్తారండీ, చదవండి. మీ వంట బాగుంటుందా లేదా అని ఎవరూ అడగలేదు. పిల్ల కడుపు గురించి మాట్లాడుతుంటే మీకు పరువు గొడవా?

పర్లాకిమిడి బావ:
ఇంగువని 2020 నుంచి హిమాచల్‌లో లాహౌల్ వైపు మనవాళ్లే సాగు చేస్తున్నారు. అది బాగా అందుబాటులోకి వస్తే మంచిది. సరే, ఒక మాట. కొంచెం కొంచెం పెడుతూ అలవాటు చేస్తే పడుతుందని మా ఊళ్లో ఒక వైద్యుడు అంటున్నారు. పిల్లలు ఎదిగితే పోతుందట కూడా. ఎవరైనా చేసి చూశారా?

కాశీబుగ్గ నర్సమ్మ:
దయచేసి అలాంటివి ఇక్కడ రాయకండి. సీలియాక్ ఎదిగితే పోయేది కాదు, జీవితాంతం ఉంటుంది. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ధాన్యం) తగిలితే శరీరం తన పేగునే దెబ్బతీసుకుంటుంది. పైకి నొప్పి లేకపోయినా లోపల దెబ్బ జరుగుతూనే ఉంటుంది. రక్తం పట్టదు, పిల్ల ఎత్తు పెరగదు. "కొంచెం పెట్టి చూద్దాం" అన్న పెద్దల మాటతో ఎండిపోయిన పిల్లల్ని వార్డులో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బరంపురం అమ్మగారూ, తమ్ముడికి కూడా రక్తపరీక్ష చేయించండి, తోబుట్టువుల్లో వచ్చే అవకాశం ఎక్కువ. పరీక్ష అయ్యేదాకా వాడికి గోధుమ మాన్పించకండి, మాన్పిస్తే ఫలితం సరిగ్గా రాదు.

నాందేడ్ నుంచి:
మా దిక్కు వచ్చేవాళ్లకి ఒక మంచి దారి ఉంది. మహారాష్ట్రలో ఎక్కడికెళ్లినా ఉపవాసం తిండి అడగండి. సాబుదానా (సగ్గుబియ్యం) ఖిచిడీ, భగర్ అనే చిరుధాన్యం అన్నం, పల్లీల ఆమటి (పులుసు). వాటిలో గోధుమ ఉండదు. ఉపవాసానికి చాలామంది ఇంగువ కూడా వెయ్యరు కాబట్టి మీ కొట్లాట కూడా తీరుతుంది. పుణె, ముంబై దారిలో మా పిల్లని దీని మీదే నెట్టుకొచ్చాను, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు. సాబుదానా వడ మాత్రం ఏ నూనెలో వేయించారో అడిగి తినండి.

షోలాపురం చేనేత:
సాబుదానా అంటే ఉత్త పిండిపదార్థం అన్నా. వాళ్ల అత్తగారికి షుగర్ అన్నారు, చూడలేదా? జొన్న రొట్టె చేసి పట్టుకెళ్లడం మేలు. వేడినీళ్లతో పిండి బాగా పిసికి చేస్తే మర్నాటికి కూడా బాగుంటుంది.

నాందేడ్ నుంచి:
జొన్నలు ఎక్కడ పట్టిస్తావు? గిర్నీలో (పిండిమరలో) నీకు ముందు వచ్చినాయన గోధుమలు పట్టించుకుని పోతాడు. రాయి నిండా గోధుమ పిండే. ఆ మొదటి పిండి నీ డబ్బాలోనే పడుతుంది. సలహా ఇచ్చేముందు అది చెప్పు.

షోలాపురం చేనేత:
మేం ఇంట్లో చిన్న మిషన్ పెట్టుకున్నాం. అందరూ గిర్నీకే పోతారని ఎందుకనుకుంటారు?

గుణుపురం కోడలు:
గిర్నీ మాట నిజం. రాగులకీ అంతే. కొరాపుట్ వైపు మండియా, అంటే రాగులే, బాగా దొరుకుతుంది, చిరుధాన్యాల కోసం ప్రభుత్వం పెట్టిన మిల్లెట్ మిషన్ వచ్చాక ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. కానీ గోధుమ పట్టని మరలో పట్టించిందేనా అని అడగాలి. నేను రాగులు కడిగి ఎండబెట్టి ఇంట్లో మిక్సీలో వేసి జల్లిస్తాను. రాగి జావ ఫ్లాస్కులో పోసుకెళ్తే మధ్యాహ్నం దాకా బెంగ లేదు.

అల్లుడు అమెరికాలో:
ఒర్లాండోలో డిస్నీ పార్కులు చూశాం. అక్కడ యాప్‌లో గ్లూటెన్ అని ఎంచుకుంటే ఏవి తినొచ్చో జాబితా వచ్చేస్తుంది. కూర్చుని తినే చోట అడిగితే చెఫ్ స్వయంగా వచ్చి మాట్లాడాడు. ఇంటి తిండి కూడా రానిస్తారు, గాజు సీసాలు ఉండకూడదంతే. మన దగ్గర కూడా అలా ఎందుకు చేయరు?

పర్లాకిమిడి బావ:
ఆవిడ అడిగింది భువనేశ్వర్ గురించండీ.

రాయగడ మాస్టారు:
అయినా అడగాల్సిన మాటే అడిగారాయన. 10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు అలెర్జీ పదార్థాల వివరాలు చూపించాలని మన దగ్గరా నియమం ఉంది. అడిగేవాళ్లు లేక ఎక్కడో మూల పడేస్తున్నారు. మీరు అడగండి, రాతపూర్వకంగా అడగండి.

జయపురం వంటపెద్ద:
డబ్బా చదివాను. మైదా అనే ఉంది. సరే. వంటింటి లోపల పనిచేసినవాణ్ణి, ఇంగువ కన్నా పెద్దవి చెబుతాను, రాసుకోండి. దోసె పెనం మీదే పరోటా కాలుస్తారు. కాబట్టి దోసె వద్దు, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ తినండి, అది కూడా బొంబాయి రవ్వ (అదీ గోధుమే) కలిపిందేమో అడిగాకే. బంగాళాదుంప ఫ్రైస్ సమోసా వేగిన నూనెలోనే వేగుతాయి. చిల్లీ చికెన్‌కి కార్న్‌ఫ్లోర్ మాత్రమే అంటారు, మైదా కలపనివాడు అరుదు. గ్రేవీ చిక్కబడకపోతే మైదా నీళ్లు పోసే చోట్లున్నాయి. ఉత్త అన్నం, పెరుగు, ఉడికిన గుడ్డు, అరటిపండు, వీటి జోలికి ఎవరూ పోరు. రద్దీ మొదలవకముందే, పదకొండున్నరకి వంటింటి పెద్దని పిలిపించి మాట్లాడండి. ఒంటిగంటకి దేవుడొచ్చి అడిగినా వాడు వినడు.

కాశీబుగ్గ నర్సమ్మ:
ఇది చాలా పనికొచ్చే మాట అన్నయ్యా. ఇంకోటి. భువనేశ్వర్ దాటి కటక్ వైపు వెళ్తే పహాళ దగ్గర రసగుల్లా కొనిపెడతారేమో, ఉండ విడిపోకుండా బొంబాయి రవ్వ కలుపుతారు. ఛెనాని (విరిగిన పాల ముద్ద) కాల్చి చేసే ఛెనాపోడలోనూ రవ్వే. పూరీ ఖాజా సరేసరి.

పర్లాకిమిడి బావ:
రసగుల్లాలో రవ్వా? అసలైన దాంట్లో ఛెనా తప్ప ఏమీ ఉండదు. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన మిఠాయి అది!

గుణుపురం కోడలు:
గుర్తింపు వస్తే రవ్వ మాయమైపోతుందా? మా ఆడపడుచు వాళ్లది మిఠాయి దుకాణమే. రవ్వ పడుతుంది, నా కళ్లతో చూశాను.

పర్లాకిమిడి బావ:
రసగుల్లా మాదంటే మాదని మన ఒడిశాతో పోట్లాడే బెంగాల్ వాళ్లలా మాట్లాడుతున్నారు.

బరంపురం అమ్మ:
అందరికీ నమస్కారం. మెయిల్ పెట్టేశాను, డాక్టర్‌గారి చీటీ రేపు తీసుకుంటాను. బాబుకి రక్తపరీక్ష రాయించుకున్నాను, ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు నర్సమ్మగారూ. మా బరంపురం అప్పడాలు పట్టుకెళ్దామనుకున్నాను, ఇంగువ గొడవ చదివి ప్యాకెట్ చూస్తే అందులోనూ ఇంగువ ఉంది. ఐస్‌క్రీమ్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. పాప ధ్యాసంతా దాని మీదే.

నాందేడ్ నుంచి:
కోన్ వద్దు, అది గోధుమే. గరిటెతో తీసిచ్చేది కూడా వద్దు, బిస్కెట్ ముక్కలున్న డబ్బాలో పెట్టిన గరిటెతోనే తీస్తారు. మూత సీలు ఉన్న వెనిలా కప్పు కొని, మీద రాసింది చదివి ఇవ్వండి. మాల్ట్ అని కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి, అది బార్లీ. తమ్ముడికి కూడా అదే కప్పు కొనండి.